తలుపులు మూసుకొనే వేళ



లండను నగరములో ఎంబాంక్‌మెంట్ అనే భూగర్భ రైల్వే స్టేషను ఉన్నది. బండికీ ప్లాట్‌ఫారమునకూ మధ్య సందు ఉన్నది, చూచుకొనండి అని హెచ్చరించే మూడే మూడు ఇంగ్లీషు మాటలు అక్కడ ఎన్నో సంవత్సరాలు ఒక పురుషుని కంఠములో వినిపించేవి. ఆ కంఠము ఆస్వాల్డ్ లారెన్స్ అనే నటునిది. ఆయన 2007లో చనిపోయారు. తరువాత ఆయన భార్య అప్పుడప్పుడు ఆ స్టేషనుకు వెళ్ళి, ప్లాట్‌ఫారము మీద కూర్చొని, ఒక బండిని వదలిపెట్టి మరొక బండి వచ్చేదాకా ఆగి, భర్త గొంతు వినేది. 2012 చివరిలో ఒక రోజు వెళ్ళేసరికి వేరొకరి గొంతు పలికింది. పాత ఏర్పాటు తీసివేసి క్రొత్తది పెట్టారట. ఆమె అధికారులను అడిగింది. వారు రికార్డు ప్రతిని ఆమె చేతికిచ్చి ఊరుకొనలేదు. 2013లో ఆ స్టేషనులో ఆ ప్లాట్‌ఫారము మీద ఆయన గొంతును తిరిగి పెట్టారు.

ఈ సంగతి చదివి కంటతడి పెట్టిన వారు చాలామంది ఉన్నారు. పెట్టవలసినదే. అయితే ఆమె అక్కడ కూర్చున్నదని ఆ కంఠమునకు తెలియదు. ఆమె బల్ల మీద క్షేమముగా ఉన్నా, కాలు జారి సందులో పడినా, అది అవే మాటలను అదే మర్యాదతో పలుకుతుంది. మెట్రో రైళ్ళలో మనము వినే ప్రతి ప్రకటన సంగతీ ఇంతే. అది అందరితో మాట్లాడుతుంది, ఒక్కరినీ చూడదు.

లండనులో ఈ రికార్డు హెచ్చరిక 1960ల చివరిలో మొదలైంది. అక్కడ కొన్ని ప్లాట్‌ఫారములు వంపు తిరిగి ఉంటాయి. తిన్నని పెట్టె వంపు దగ్గర ఆగితే మధ్యలో సందు తప్పదు. సిబ్బంది రోజంతా అరచి అరచి అలసిపోయేవారు. మాటలను యంత్రములో భద్రపరచడము ఆ రోజులలో ఎంతో ఖర్చుతో కూడిన పని గనుక హెచ్చరిక వీలైనంత పొట్టిగా ఉండవలసి వచ్చింది. మాస్కోలో ఇంకొక చక్కని పద్ధతి పెట్టారు. నగర మధ్యకు వెళ్ళే బండిలో పురుషుని గొంతు, మధ్యనుండి బయటకు వెళ్ళే బండిలో స్త్రీ గొంతు. చూపు లేనివారికి కూడా తాము ఎటు పోతున్నదీ దీనివలన తెలుస్తుంది. పనికి రమ్మని యజమాని పిలుస్తాడు, ఇంటికి రమ్మని భార్య పిలుస్తుంది అని అక్కడివారు గుర్తు పెట్టుకొంటారు. మన ఢిల్లీ మెట్రోలో హిందీ గొంతు శమ్మీ నారంగ్ గారిది, ఇంగ్లీషు గొంతు రిణీ సైమన్ ఖన్నా గారిది. దూరదర్శన్ వార్తలు విన్నవారికి ఈ గొంతులు క్రొత్తవి కావు.

కంఠము సంగతి అట్లుండగా, తలుపు సంగతి చూద్దాము. ఆ తలుపునకు కళ్ళున్నాయనీ, మనిషి అడ్డు వస్తే తెలిసికొని తెరచుకొంటుందనీ చాలామంది నమ్ముతారు. సగమే నిజము. తలుపు రెక్కలు మూసుకొనేటప్పుడు మధ్యలో భుజమో, పెట్టెయో అడ్డుపడితే మోటారుకు ఆ అడ్డు తెలుస్తుంది, రెక్కలు వెనుకకు తీసికొని మరల ప్రయత్నిస్తుంది. ఢిల్లీలో 8 పెట్టెల బండికి ఒక ప్రక్కనే 32 తలుపులు. అన్నీ మూసుకొని గడియ పడితేనే బండి కదలడానికి వీలవుతుంది. ఇది మంచి ఏర్పాటు. కాని తలుపు తెలిసికొనేది మందమును మాత్రమే. చీర కొంగు, ఓణీ అంచు, సంచి పట్టీ, సన్నని వ్రేలు వంటివి రబ్బరు అంచుల మధ్య ఇమిడిపోతే, తలుపు మూసుకొన్నట్టే లెక్క. డ్రైవరు ముందు దీపము వెలుగుతుంది. బండి కదులుతుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. మన దేశములో మొదటి భూగర్భ రైలు కలకత్తాలో 1984 అక్టోబరు 24న నడిచింది. అదే నగరములో 2019 జూలై 13న, పార్క్ స్ట్రీట్ స్టేషనులో 66 సంవత్సరముల పెద్దాయన చేయి తలుపులో చిక్కుకొన్నది. బండి కదిలింది. ఆయన మరణించారు. ఢిల్లీలో 2023 డిసెంబరు 14న ఇందర్‌లోక్ స్టేషనులో 35 సంవత్సరముల స్త్రీ బట్టలు తలుపుల మధ్య చిక్కుకొన్నవి. బండి ఆమెను ఈడ్చుకొని పోయింది. రెండు రోజుల తరువాత ఆమె ఆసుపత్రిలో కన్నుమూసింది. భర్త అంతకు ముందే చనిపోయాడు. ఇద్దరు పిల్లలు మిగిలారు. మెట్రో సంస్థ పరిహారము ప్రకటించింది, పిల్లల చదువు సంగతి చూస్తామని కూడా చెప్పింది. ఆ మాట చెప్పినందుకు సంతోషమే గాని, ఆ పిల్లలు ఇంటికి వచ్చి అమ్మా అని పిలిస్తే పలికేదెవరు?

ఈ రెండు స్టేషన్లలోనూ కంఠము తన పని తాను చేసేదే. మన స్త్రీలలో చీర కట్టే వారెందరో, ఓణీ వేసికొనే ఆడపిల్లలెందరో లెక్క పెట్టండి. ఈ తలుపుల రూపకల్పన మొదట పంట్లాములు, కోట్లు వేసికొనే దేశములలో జరిగింది. చీర కొంగును తలుపు గుర్తు పట్టవలెనని మనమే గట్టిగా అడగాలి, అడిగితే తప్పు లేదు. కొన్ని దేశాలలో తలుపు అంచునకే స్పర్శ తెలిసే ఏర్పాటు చేశారు. లండను విక్టోరియా లైనులో 2009 నమూనా బండ్లకు అది ఉన్నది. ఇది ఖర్చుతో కూడినది, చిన్న చిన్న వాటికి కూడా బండి ఆగుతుంది అంటారు. ఆగనివ్వండి.

మరి చూచేదెవరు? న్యూయార్క్ సబ్‌వేలో బండి మధ్యలో కండక్టరు ఉంటాడు. బండి ఆగగానే ప్లాట్‌ఫారము మీద కట్టిన నలుపు తెలుపు చారల పలకను వ్రేలితో చూపించిన తరువాతనే తలుపులు తెరవాలి. బండి సరియైన చోట ఆగినదని తన కన్నుతో చూచినట్టు అది గుర్తు. తలుపులు మూసిన తరువాత కూడా కిటికీలోనుండి తల బయట పెట్టి చూడాలి. జపానులో స్టేషను సిబ్బంది వ్రేలు చూపి, నోటితో పైకి పలికి మరీ తలుపులను పరీక్షిస్తారు. క్రొత్తగా చూచేవారికి ఇది నవ్వు పుట్టిస్తుంది. కాని రోజుకు కొన్ని వందలసార్లు ఒకే పని చేసే మనిషి కన్ను చూస్తూనే చూడకుండా పోతుంది. చేయి, నోరు కలిస్తే మనస్సు ప్రక్కకు పోదు.

అసలు పట్టాల ప్రక్కనే గోడ కట్టి, దానికి వేరే తలుపులు పెడితే పోలేదా అంటారేమో. పెట్టారు. 1961లోనే లెనిన్‌గ్రాద్‌లో అటువంటి స్టేషను కట్టారు. సింగపూరులో 1987లో గాజు తలుపులు వచ్చాయి. మన చెన్నైలో భూగర్భ స్టేషన్లకు, కలకత్తాలో 2020లో ప్రారంభమైన తూర్పు పడమర లైనుకు ఇవి ఉన్నాయి. ఢిల్లీ మెజెంటా లైనులో 2020 డిసెంబరు నుండి డ్రైవరు లేకుండా బండ్లు నడపడానికి ఇటువంటి తలుపులు తోడ్పడ్డాయి. ఎంతో మేలైనవి. అయితే వాటిని బాగుచేసేది కూడా మనిషే. దక్షిణ కొరియాలో సియోల్ నగరపు కూయి స్టేషనులో, 2016 మే 28న, 19 ఏండ్ల యువకుడు ఒంటరిగా ఈ గాజు తలుపును బాగుచేస్తూ, వచ్చే బండికి గురియై చనిపోయాడు. ఈ పనికి ఇద్దరు వెళ్ళాలని నియమము. రెండవవాడు ఎందుకంటే, బండి వస్తున్నదా అని చూడటానికే. ఆ రోజు రెండవవాడు లేడు. ఆ కుర్రవాని సంచిలో తినడానికి తీరిక దొరకని నూడుల్సు డబ్బా దొరికింది. తరువాత ఎందరో వచ్చి ఆ తలుపు మీద కాగితపు చీటీలు అంటించి వెళ్ళారు.

మన హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఇది భూగర్భము కాదు, స్తంభముల మీద నడిచేది. ప్లాట్‌ఫారము అంచున గాజు తలుపులు లేవు, పసుపు గీత ఉన్నది. ప్రకటనలు తెలుగులోనూ వినిపిస్తాయి గనుక మన పెద్దవారికి కొంత సులువు. అయినా ఊరినుండి వచ్చిన అమ్మమ్మకు తలుపులు ఎడమ వైపున తెరుచుకొంటాయని చెప్తే, ఎవరి ఎడమ అని వెదకుకొనేసరికి స్టేషను వచ్చేస్తుంది! యౌవనస్థులారా, మీరు ముందు ఎక్కి వెనుకకు పిలవకండి. పెద్దవారిని ముందు ఎక్కించి, కొంగు, సంచి పట్టీ లోపలికి వచ్చినదా అని చూచి తరువాత ఎక్కండి. పసిపిల్లలను చేయి పట్టుకొని నడిపించకుండా ఎత్తుకొనండి. తలుపు మూసుకొనే గంట వినబడితే పరుగెత్తకండి. చాలా నగరాలలో కొన్ని నిమిషములకు మరొక బండి వస్తుంది. స్నేహితుని కొరకు పాదము అడ్డుపెట్టి తలుపు ఆపే అలవాటు కళాశాల పిల్లలలో కనబడుతున్నది. మోటారు ఓడిపోయినట్టు వారికి అనిపిస్తుంది గాని, ఆ రోజు పాదము స్థానములో సంచి పట్టీ ఉంటే ఓడేది ఎవరో వారికి తెలియదు.

ఇంకొక సంగతి. పెట్టె లోపల తలుపు దగ్గర డ్రైవరుతో మాట్లాడే బొత్తాము ఉంటుంది. చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫారము మీద కూడా బండిని ఆపే ఎర్రని అత్యవసర బొత్తాము ఉంటుంది. ఎవరి బట్టయైనా తలుపులో చిక్కితే కేకలు వేస్తూ బండి వెంట పరుగెత్తేవారు పదిమంది ఉంటారు, ఆ బొత్తాము ఎక్కడున్నదో తెలిసినవాడు ఒక్కడుంటే చాలు. ఈసారి స్టేషనుకు వెళ్ళినప్పుడు అది ఎక్కడున్నదో చూచి, ఇంటిల్లిపాదికీ చూపించండి. ఊరకే నొక్కితే శిక్ష ఉన్నదని చిన్నవాళ్ళకు అప్పుడే చెప్పండి, లేకపోతే అది పని చేస్తుందో లేదో వారే పరీక్షిస్తారు.