బండి మనది, పేరు వారిది

క్రిందటి నెల జెల్స్ పార్కులో పికినిక్కు నాడు పులిహోర గిన్నెలు దింపుతూ ఉండగా, కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒక చిన్నది వరుసగా కార్ల వెనుక రాతలన్నీ చదువుకుంటూ వచ్చింది. మా బండి దగ్గర ఆగి, "అంకుల్, ఈయన మీకేమవుతారు?" అని అడిగింది. డిక్కీ మూత మీద మాకు బండి అమ్మిన డీలరుగారి పేరు వెండిరంగు అక్షరాలతో మెరిసిపోతోంది. "మాకేమీ కాడమ్మా, మా దగ్గర డబ్బు తీసుకున్నాయన" అని చెప్పవలసి వచ్చింది.

పెళ్ళికి ఇచ్చిన స్టీలు గిన్నె మీద ఇచ్చినవారి పేరు చెక్కించడం మనకు అలవాటే. అయితే అది వారు ఊరికే ఇచ్చిన గిన్నె. వేలకు వేలు పోసి మనం కొనుక్కున్న బండి మీద అమ్మినవాడి పేరేమిటి? పైగా నంబరు ప్లేటు చుట్టూ ఒక ప్లాస్టిక్ చట్రం, వెనుక అద్దానికి ఇంకో స్టిక్కరు. ముగ్గురు నలుగురు మిత్రులు ఇదే అడిగారు గనుక ఈ నెల మన శీర్షిక దీనికే కేటాయిస్తున్నాము.

ముందుగా మా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో అప్పు చేసి కొన్న పాత హోల్డెన్ మీద ఇలాంటి స్టిక్కరే ఉండేది. ఒక శనివారం గడ్డం గీసుకునే బ్లేడుతో గీకాము. జిగురు పోలేదు. ఇంట్లో గోళ్ళరంగు తుడిచే మందు కనబడితే గుడ్డకు పోసి రుద్దాము. జిగురు పోయింది, దానితో పాటు రంగూ పోయింది. అరచేయంత మేర బూడిదరంగు ప్రైమరు బయటపడింది. బండి మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు అక్కడి ఆసామి ఆ మచ్చ మీద వేలు పెట్టి చూపించి మరీ ధర తగ్గించాడు. అంత తెలివైన పని చేసినది మేమేనని ఆయనకు చెప్పలేదనుకోండి.

అలా ఎందుకయిందో తరువాత తెలిసింది. 1960ల నుంచి చాలా ఏళ్ళు హోల్డెన్ కార్లకు ఎక్కువగా వేసినది ఎక్రిలిక్ లాకరు. అది ఎండినా గట్టిపడినా థిన్నరు, ఎసిటోను తగిలితే మళ్ళీ కరుగుతుంది. గోళ్ళరంగు మందులో ఉండేది చాలావరకు ఆ ఎసిటోనే. ఇప్పటి కార్ల రంగు అలా ఇట్టే కరగదు గాని, దానికి వేరే బలహీనత ఉంది. పొరలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 130 మైక్రానులు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త పైన. అన్నిటికంటె పైనుండే మెరుపు పొర అందులో 40, 50 మైక్రానులు మాత్రమే. తలవెంట్రుకపాటి మందం కూడా లేని ఆ పొర మీద బ్లేడు పెట్టడం ఎటువంటి పనో మీరే ఊహించుకోండి.

జిగురు బలానికి లొంగదు, వేడికి లొంగుతుంది. ముందు సబ్బునీళ్ళతో ఆ చోటు కడిగి ఆరనివ్వాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుంది. తల ఆరబెట్టుకునే డ్రయరు తెచ్చి, అరడుగు దూరాన కదుపుతూ ఒకటి రెండు నిమిషాలు వేడి చూపించండి. చేయి ఆనించగలిగేంత వేడి చాలు. పెయింటర్ల హీట్ గన్ జోలికి పోవద్దు, రంగు పొంగుతుంది. స్టిక్కరు మూల గోటితో లేపి, దానిమీదికే వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. మొరాయిస్తే మళ్ళీ వేడి. మెల్బోర్న్ జూలై చలిలో వినైలు పెళుసెక్కి అప్పడంలా విరుగుతుంది, జనవరి ఎండలో రేకే కాలిపోతూ ఉంటుంది. మబ్బు పట్టిన ఉదయం నీడలో చేసుకోవడం హాయి.

ఎత్తుగా ఉండే ప్లాస్టిక్ అక్షరాలయితే చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, వేడిచేసి, పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం గాని చేపల గాలపు తీగ గాని వెనుకకు పోనిచ్చి రంపంలా ఆడించాలి. అయితే పాత కార్ల లోహపు అక్షరాలు కొన్ని మేకులతో రేకులోకి దిగి ఉంటాయి. వాటిని పీకితే మిగిలేవి చిల్లులు, తరువాత తుప్పు. ముందు డిక్కీ మూత లోపలివైపు చూసుకోండి.

మిగిలిన జిగురుకు మందు మన ఇళ్ళలోనే ఉంది. నీలగిరి తైలం! జలుబుకు నీళ్ళలో వేసి ఆవిరి పట్టే ఆ సీసాను మనలో చాలామంది పెట్టెలో పెట్టుకుని సముద్రాలు దాటించాము. తీరా ఇక్కడికి వచ్చి చూస్తే అది ఇక్కడి చెట్టే. నీలగిరి కొండల మీదికి ఆ మొక్క 1843లో ఈ దేశం నుంచి వెళ్ళింది. జోసెఫ్ బొసిస్టో అనే ఔషధ వ్యాపారి 1850లలో ఈ విక్టోరియాలోనే ఆ ఆకుల నుంచి తైలం తీసి అమ్మడం మొదలుపెట్టాడు. ఇక్కడి సూపర్ మార్కెట్లలో బట్టల సబ్బుల పక్కనే దొరుకుతుంది, ఇక్కడివారు మరకలకు వాడుతారు గనుక. మెత్తని గుడ్డకు నాలుగు చుక్కలు వేసి జిగురు మీద ఒక నిమిషం అద్ది, తుడిచి, వెంటనే సబ్బునీళ్ళతో కడిగేయాలి. ముందుగా కనబడని చోట ఒక చుక్క వేసి చూసుకోండి, పాత లాకరు రంగయితే మరీను. ప్లాస్టిక్ దీపాల మీద పడనివ్వవద్దు. తైలానికి మంట అంటుకుంటుంది గనుక అది రాశాక డ్రయరు పట్టకూడదు. చిన్నపిల్లలు చెంచాడు తాగినా ప్రమాదమే, సీసా పైఅరలో పెట్టండి. చివరకు కాస్త మైనం పట్టించాలి, ఎందుకంటే తైలం ఉన్న మైనాన్ని కూడా తుడిచేస్తుంది.

అంతా అయ్యాక కూడా అక్షరాలు లీలగా కనబడవచ్చు. అది జిగురు కాదు. ఈ దేశపు ఎండకు చుట్టుపక్కల రంగు వెలిసిపోగా, స్టిక్కరు కింద దాగిన రంగు కొత్తగానే ఉండిపోయింది. మెత్తని పాలిష్‌తో కొంత కలుస్తుంది, మిగతా పని ఎండే చేస్తుంది. అందుకే కొత్త బండి అయితే ఆలస్యం చేయవద్దు. అసలు బండి చేతికి రాకముందే "మీ పేరు అంటించవద్దు" అని ఆర్డరు కాగితం మీద రాయించుకుంటే ఈ గొడవే లేదు.

వెనుక అద్దం మాట మరవకండి. మంచు కరిగించే సన్నని గీతలు లోపలివైపే ఉంటాయి. అక్కడ బ్లేడు పెట్టి ఒక గీత తెగిందంటే చలికాలం పొద్దున్నే ఆ వరుస మేర మంచు అలాగే ఉంటుంది. అక్కడ గోరు, తడిగుడ్డ, ఓపిక. నంబరు ప్లేటు చట్రం రెండు మరలు విప్పితే వచ్చేస్తుంది, ప్లేటు మాత్రం తిరిగి గట్టిగా బిగించండి. ఉత్సాహం పట్టలేక ప్లేటు మీది గ్యాసు కారు ఎర్ర గుర్తునో, విద్యుత్ కారు నీలి త్రికోణాన్నో, తలుపు దగ్గరి టైరు గాలి చీటీనో పీకేయవద్దు. ప్రమాదం జరిగితే అగ్నిమాపక దళంవారు చూసేది ఆ గుర్తులనే.

మన సంఘంలో ఒక పిన్నిగారున్నారు. బాబాయిగారు పోయి మూడేళ్ళయింది. ఆయన 1979లో కొన్న కింగ్స్‌వుడ్‌ను మనవడికి ఇవ్వాలని, కాస్త శుభ్రం చేసిపెట్టమని మమ్మల్ని పిలిచారు. డ్రయరు, తైలం, దారం పట్టుకుని వెళ్ళాము. వెనుక బంపరు మీది పాత స్టిక్కర్లు రెండు చక్కగా వచ్చాయి. అద్దం మీద మొర్వెల్ డీలరు పేరు, అప్పటి పొట్టి ఫోను నంబరు ఉన్నాయి. డ్రయరు అటు తిప్పగానే పిన్నిగారు, "అది ఉండనీ బాబూ, హేజల్‌వుడ్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి జీతాలతో అక్కడ కొన్నారు" అన్నారు.

హేజల్‌వుడ్ విద్యుత్ కేంద్రం 2017లో మూతపడింది. హోల్డెన్ ఫ్యాక్టరీ కూడా ఆ ఏడే మూసేశారు. ఆ షాపూ ఇప్పుడు లేదట. పాత హోల్డెన్లు దాచుకునేవారు ఇలాంటి డీలరు స్టిక్కర్ల కోసం వెతుక్కుంటారని మనవడు చెప్పాడు గాని, పిన్నిగారు ఆ మాట విననట్టే ఉన్నారు.

స్టిక్కరు అంచులు తడవకుండా చుట్టూ అద్దం తుడిచి, ఆవిడ పెట్టిన ఉప్మా తిని వచ్చాము.