చార్మినారు బజారులో విందు ఎవరికి?

తెలుగు సాహిత్యంలో 'వీథి' అను మాటకు రెండర్థాలు కలవు. ఒకటి మనం నడిచే దారి, రెండవది పది విధాల రూపకాలలో ఒకటి. క్రీడాభిరామం ఈ రెండర్థాలలోను వీథియే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో ఒక దినమంతా తిరుగుతారు. పొట్టేళ్ళ పోరు చూస్తారు, కోడిపందెం చూస్తారు, పలనాటి వీరుల కథ పాడగా వింటారు. ఆకలి వేసినపుడు ఒక రూక చెల్లించి పూటకూళ్ళ ఇంట తృప్తిగా భుజిస్తారు. ఆ గ్రంథకర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న వివాదం నా విద్యార్థులను పరీక్షలో ఎంత వేధించిందో నాకు తెలుసు గనుక దానిని ఇక్కడ తడమను. నాకు కావలసినది ఒక్క సంగతి. ఆ కావ్యంలో వినోదం ఒకచోట, బ్రతుకుతెరువు మరొకచోట లేవు. అమ్మేవారు, పాడేవారు, వండేవారు, తినేవారు ఒకే వీధులలో ఒకరికొకరు ఎదురవుతారు.

నేడు పెద్ద నగరాలన్నింటిలోను ఒక ఆలోచన బలపడింది. పాతబడిన నడిబజారును ఎన్నుకొని, వాహనాలను ఆపి, రాతిపలకలు పరచి, దీపాలు పెట్టి, దానిని సాయంకాలపు వినోదానికీ భోజనానికీ కేంద్రంగా మార్చుట. హైదరాబాదులో ఈ ఆలోచనకు సహజంగానే చార్మినారు పరిసరాలు గురి అయినవి. చార్మినారు చుట్టూ పాదచారుల బాట అన్న పథకం ఇరవై ఏళ్ళకు పైగా నలుగుతూ, చివరకు రాతిపలకల రూపంలో కంటికి కనబడింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టును మరమ్మతు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరచినారు. 2021 అక్టోబరులో 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' అను పేర ఆదివారం సాయంత్రాలు వాహనాలు లేని చార్మినారు ముంగిట జనం కుటుంబాలతో తిరిగినారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1900లో కట్టిన సర్దార్ మహల్ పునరుద్ధరణకు 2022లో శంకుస్థాపన జరిగింది.

ఈ ప్రయత్నాలను నేను వ్యతిరేకించువాడను కాను. 'బజారులో తిరుగుట, బజారులో తినుట మంచివారి లక్షణమా?' అని అడిగే పెద్దలు మన కమిటీలోను ఉన్నారు. వారిపట్ల గౌరవంతోనే ఒక మాట మనవి చేస్తాను. మన పిల్లలు వినోదం లేక ఆగరు. గండిపేట దారిలోనో, మాదాపూర్ అద్దాల మేడలలోనో ఒక కప్పు కాఫీకి ఒక దినపు కూలి చెల్లించి కూర్చుండే కంటె, కొద్ది రూపాయలకే ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు దొరికే చోట, తమ నగరపు చరిత్రను కళ్ళెదుట పెట్టుకొని కూర్చుండుట మేలు కాదా? నా సందేహం వినోదం గురించి కాదు. ఆ విందులో వడ్డించేది ఎవరు, కూర్చునేది ఎవరు, లేచిపోవలసినది ఎవరు అన్నదే నా సందేహం.

అసలు చార్మినారుకు వినోదవీధిని క్రొత్తగా తేవలసిన పని లేదు. ఏటా ముప్పది రాత్రులు అది తనంతట తానే వినోదవీధి అవుతున్నది. రంజాన్ నెలలో మదీనా చౌరస్తా నుండి పత్తర్‌గట్టి మీదుగా, గుల్జార్ హౌజ్ దాటి, చార్మినారు వరకు, అక్కడినుండి పడమటికి తిరిగి లాడ్ బజారు కొసవరకు నడిచి చూడండి. ఇఫ్తార్ సమయానికి బజారు ఒక్కసారి మౌనం దాలుస్తుంది. దుకాణదారుడు, కొనవచ్చినవాడు, ఆ ప్రక్క బండి త్రోసేవాడు ఒకే దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం పంచుకుంటారు. తరావీ నమాజు ముగిసిన పిమ్మట జనం వరదలా వస్తుంది. ఇటుకల బట్టీల మీద పెద్ద దేగులలో గోధుమ, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడుకుతూ, పొడవైన కర్ర ఘోట్నీల దెబ్బలకు మెత్తబడి హలీమ్ అవుతుంటుంది. ఆ హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాని కొరకు వరుసలో నిలబడినవారిలో ముస్లిములు ఎందరో, కానివారూ అందరు ఉంటారు. సేమ్యా, సుర్మా, అత్తరు, టోపీలు, చెప్పులు, గాజులు అన్నీ నేలమీదనే, బండ్లమీదనే, మెట్లమీదనే. చేవెళ్ళ, వికారాబాదు ప్రాంతాల నుండి పెళ్ళి సామగ్రికై వచ్చినవారు కూడా ఆ గుంపులో ఉంటారు. ఈ రాత్రులలో దుకాణాలు తెల్లవార్లూ తెరచి ఉంచుకొనుటకు ప్రభుత్వం అనుమతులిచ్చిన సంవత్సరాలున్నవి.

ఈ ముప్పది రాత్రులను ఏ ఇంజనీరూ గీయలేదు. అయినా అక్కడ మూడు సూత్రాలు కనబడుతవి. వీధి మధ్యభాగం నడిచేవారిది, అంచు అమ్మేవారిది. పగటి వ్యాపారం, రాత్రి వ్యాపారం ఒకే స్థలాన్ని వంతులవారీగా వాడుకుంటవి. చేతిలో వేయి రూపాయలున్నవాడూ, ఇరవై రూపాయలున్నవాడూ ఒకే బజారులో ఒకే ఆనందం పొందగలడు. పునరుద్ధరణ చేయువారు ముందుగా చదువవలసిన పాఠం ఇదే. మిగిలిన పదకొండు నెలలలో దీనిలో సగమైనా నిలుపగలిగితే చాలును.

అయితే పథకాలు కాగితం మీద మరొక విధంగా మొదలవుతవి. వాటి చిత్రపటాలలో కుండీలు, బల్లలు, గొడుగుల క్రింద కుర్చీలు ఉంటవి. లాడ్ బజారులో గాజుల దుకాణం వెనుక గదిలో లక్కను కరిగించేవాని బొగ్గుల కుంపటి ఆ పటంలో కనబడదు. లక్కగాజు ఎట్లా తయారవుతుందో మన విద్యార్థులలో ఎందరు చూచినారు? వేడికి మెత్తబడిన లక్కను కడ్డీగా సాగదీసి, చుట్టి, గాజుగా అతికి, అది ఆరకముందే ఒక్కొక్క రాయిని చేతితో పొదగాలి. ఆలస్యమైతే రాయి పట్టదు, తొందరపడితే వరుస చెడుతుంది. ఈ హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రం గోడకు వ్రేలాడుతుంది గాని అద్దె చెల్లించదు. వీధికి వన్నె పెరిగిన కొద్దీ గది అద్దె పెరుగుతుంది. గాజులవాడు చెల్లించలేని అద్దెను ఫలహారశాల చెల్లిస్తుంది. పది పదిహేను సంవత్సరాల తరువాత గాజుల బజారు అను పేరు మిగిలి, గాజులు మాత్రం వేరేచోటి నుండి పెట్టెలలో రావచ్చును. చూడవచ్చినవారు దేనిని చూడవచ్చినారో అదే లేకుండా పోతుంది.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. అమెరికాలో మెంఫిస్ నగరపు బీల్ స్ట్రీట్ నల్లజాతివారి వ్యాపారానికీ, బ్లూస్ సంగీతానికీ పుట్టినిల్లు వంటిది. 1966లో దానిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించినారు. ఆ వెంటనే 'నగర పునరుద్ధరణ' పేర చుట్టుప్రక్కల ఇండ్లనూ, కట్టడాలనూ విస్తారంగా పడగొట్టినారు. 1983లో ఆ వీధిని వినోదకేంద్రంగా తిరిగి తెరచినారు. నేడది దీపాలతో, సంగీతంతో, యాత్రికులతో కళకళలాడుతున్నది. కాని ఆ పాటను పుట్టించిన పేట దాని చుట్టూ లేదు.

మన దేశంలోనే మంచి ఉదాహరణలున్నవి. ఇండోరు నగరంలోని సరాఫా బజారు పగలు బంగారు నగల అంగడి. రాత్రి దుకాణాల తలుపులు పడగానే ఆ అరుగుల ముందే తినుబండారాల వీధి వెలుస్తుంది. అహమ్మదాబాదు మానెక్ చౌకు ఉదయం కూరగాయలకు, పగలు నగలకు, రాత్రి భోజనానికి. రెండు చోట్లా తగవులు లేకపోలేదు. పొగ గురించి, చెత్త గురించి, ఇరుకు గురించి నగలవారికీ వంటవారికీ మాటామాటా వస్తూనే ఉంటుంది. కాని ఒకరిని లేపి మరొకరిని కూర్చుండబెట్టలేదు. గుల్జార్ హౌజ్ చుట్టు నగల దుకాణాలు, పత్తర్‌గట్టిలో బట్టల దుకాణాలు రాత్రికి మూతపడినపుడు వాటి ముందు అరుగులు ఊరకే ఉంటవి. 1908 మూసీ వరద తరువాతి కాలంలో నగరాభివృద్ధి సంస్థ కట్టించిన ఆ పత్తర్‌గట్టి రాతి కమానులకంటె అందమైన భోజనశాల ముంగిలి ఏ వాస్తుశిల్పి గీయగలడు?

వీధి వర్తకుల విషయంలో చట్టం మన ప్రక్కనే ఉన్నది. 2014 నాటి వీధి వర్తకుల రక్షణ చట్టం ప్రకారం పట్టణ వర్తక కమిటీలో కనీసం నూటికి 40 మంది వర్తకులే ఎన్నుకొన్న ప్రతినిధులుండాలి, వారిలో మూడవ వంతు స్త్రీలుండాలి. అయిదేండ్లకొకసారైనా సర్వే జరగాలి. సర్వే ముగిసి గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు ఎవ్వరినీ లేపరాదు. కొనేవారూ అమ్మేవారూ తరతరాలుగా కూడుతున్న సహజమైన బజారును, సర్వేలో అట్లు గుర్తించిన పిమ్మట, వర్తకనిషేధ స్థలంగా ప్రకటించరాదని కూడ ఆ చట్టపు మొదటి అనుబంధం చెప్పుతున్నది. చార్మినారు ముంగిలి సహజమైన బజారు కాకపోతే ఈ దేశంలో మరేది అవుతుంది? అయినా పెద్దల రాకకు ముందురోజు బండ్లు మాయమగుట, మరుసటిరోజు తిరిగి ప్రత్యక్షమగుట మనం చూస్తున్నదే. ఇది పునరుద్ధరణ కాదు, దాగుడుమూతలు.

ఒక విషయంలో మాత్రం నేను వర్తకులకు చేదుగా తోచే మాట చెప్పవలసి ఉన్నది. 2025 మే 18వ తేదీ ఉదయం గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంటిలో అగ్నిప్రమాదం జరిగి 17 మంది మరణించినారు. వారిలో 8 మంది పిల్లలు. క్రింద దుకాణాలు, పైన కాపురం, లోపలికి పోవుటకు ఇరుకైన దారి. పాతనగరంలో ఇటువంటి ఇండ్లు కొల్లలు. ఇటువంటి మేడలపై గ్యాసు సిలిండర్లతో భోజనశాలలు పెట్టుటకు అనుమతించుట నేరం కంటె తక్కువ కాదు. వంట బయట, గాలి ఆడేచోట, నిర్ణయించిన దూరంలో జరగాలి. అగ్నిమాపక శకటం దూరగలిగే దారిని బండిగాని, బల్లగాని, స్వాగత తోరణంగాని ఆక్రమింపరాదు. పాతకాలపు తీగలు మార్చకుండా క్రొత్త దీపాలు తగిలించరాదు. దీనికయ్యే ఖర్చు రాతిపలకలకయ్యే ఖర్చువలె ఫోటోలో కనబడదు. కనుకనే పట్టుబట్టి అడగాలి.

కనబడనివే మరికొన్ని ఉన్నవి. స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లు, త్రాగునీరు, ముసలివారు కూర్చుండుటకు నీడ, రాత్రి ఇంటికి చేర్చు బస్సు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1962లో స్ట్రోయె వీధిలో వాహనాలు ఆపినపుడు వర్తకులు తమ వ్యాపారం చెడుతుందని గగ్గోలు పెట్టినారు. చెడలేదు, పెరిగింది. కాని అక్కడికి నడిచి రాగలిగే దారులు, వచ్చినవారు తిరిగిపోగలిగే సాధనాలు ఉన్నవి. మన విద్యార్థినికి చార్మినారు సాయంకాలం అందరాని పండు. శంకరపల్లి వైపు, చేవెళ్ళ వైపు చివరి బస్సు వేళకు ఆమె బజారులో అడుగుపెట్టకముందే తిరుగుముఖం పట్టాలి. పాతనగరపు మెట్రో మార్గం పూర్తి అయినపుడు కొంత దూరం తగ్గవచ్చును. ఆ మెట్రో కొరకే 2025లో దారుల్‌షిఫా, శాలిబండ మార్గంలో కట్టడాలు కూల్చుట ప్రారంభమయిందన్నది కూడ మరువరాదు.

'ఇదంతా నగరం గొడవ, కొండకల్‌లో ఉన్న మనకెందుకు?' అని ఎవరైనా అడుగవచ్చును. మన ప్రాంతపు రైతుల పూలు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోతున్నవి. ఆ దండలే లాడ్ బజారులో కొన్న పెళ్ళిచీరల మీదికి చేరుతున్నవి. అంతకంటె దగ్గరి కారణం మరొకటి ఉన్నది. మన కొండకల్‌లోనే 2023లో రైలు పెట్టెల కర్మాగారం ప్రారంభమయింది. కర్మాగారం ఉన్నచోట పనివారు వస్తారు, పనివారు వచ్చినచోట చాయ్ బండి వస్తుంది, బండి వెంట బజారు వస్తుంది. అప్పుడు రోడ్డు వెడల్పు పేర ముందుగా ఎవరిని లేపుతారో ఊహించుటకు పాండిత్యం అక్కరలేదు. చార్మినారు వద్ద న్యాయం జరిగిన తీరే ఇక్కడికీ నమూనా అవుతుంది.

కాబట్టి కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. ప్రతి ఏటా విహారయాత్రకు వెచ్చించే సొమ్ములో కొంత తీసి, వచ్చే రంజానులో మన విద్యార్థులను రెండు రాత్రులు చార్మినారుకు పంపండి. ఉర్దూ శాఖనుండి ఒకరు, తెలుగు శాఖనుండి ఒకరు చొప్పున జతలు చేద్దాం. ఒక్కొక్క జతకు ఒక్కొక్క గల్లీ. ఎవరు ఏమి అమ్ముతున్నారు, ఎన్నేళ్ళుగా, అద్దె ఎంత, గుర్తింపు పత్రం ఉన్నదా లేదా, పనిముట్టును ఏ పేరుతో పిలుస్తారు, ఇవన్నీ రెండు లిపులలోను వ్రాసుకొని రావాలి. పేర్లు అడుగరాదు, భయపడతారు. ఆ వివరాలను వచ్చే సంచికలో ప్రకటించి, ఒక ప్రతిని పట్టణ వర్తక కమిటీకి పంపుదాం. విద్యార్థినుల తిరుగు ప్రయాణానికి కళాశాల బస్సు రాత్రి పదకొండు గంటలకు మదీనా చౌరస్తా వద్ద నిలబడి ఉండాలి. ఆ ఒక్క ఏర్పాటు కుదిరితే తక్కినదంతా నేను చూచుకుంటాను.