గొంతు పెంచని హాస్యం

2013 చివర్లో నెల తిరక్కముందే ఇద్దరు పోయారు. నవంబర్ 8న తెనాలి ఏవీఎస్, డిసెంబర్ 7న ధర్మవరపు సుబ్రహ్మణ్యం. ఒకరు పత్రికా రచన నుంచి, మరొకరు నాటకం, టీవీల నుంచి సినిమాకి వచ్చారు. గుంటూరు, ప్రకాశం నేల ఒకే ఋతువులో ఇద్దరు మాటకారులను పోగొట్టుకుంది. ఏవీఎస్ గురించి మరో సంచికలో రాస్తాం. ఈసారి ధర్మవరపు గురించి.

ఆయన పేరు చెప్పగానే 'నువ్వు నేను' లెక్చరరు, 'ఒక్కడు' పాస్‌పోర్ట్ ఆఫీసరు గుర్తొస్తారు. నల్ల కళ్లద్దాలు, నున్నగా దువ్విన జుట్టు, ఎంత కంగారులోనూ చెదరని మర్యాద. నవ్వించాం, నవ్వాం అనే లెక్కలోనే ఆ పాత్రలను దాటేశాం. అది అన్యాయమని ఈ పత్రిక నమ్మకం. ఆయన తెర మీద చేసిన పనికి మూలం సినిమాలో లేదు. దూరదర్శన్ రోజుల్లో తానే రాసి, తానే నటించిన 'ఆనందోబ్రహ్మ'లో ఉంది. దానికీ వెనక ఒంగోలు నాటక వేదిక ఉంది.

అద్దంకి పక్కన, బల్లికురవ మండలంలో కొమ్మినేనివారిపాలెం ఆయన ఊరు. ఆయన పుట్టేనాటికి అది గుంటూరు జిల్లా. ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. పత్తి, మిరప, పొగాకు, వాన కోసం ఎదురుచూపు, ధర కోసం అంతకంటే పెద్ద ఎదురుచూపు. ఈ మెట్ట ఊళ్లలో మనుషులు కష్టాన్ని బిగ్గరగా చెప్పుకోరు. అప్పు ఇచ్చినవాణ్ణీ, అప్పు అడిగేవాణ్ణీ "రండి, కూర్చోండి" అనే పలకరిస్తారు. అసలు సంగతి ఆ తర్వాత, చాలా సేపటికి, పక్కదోవన వస్తుంది. ధర్మవరపు డైలాగ్ చెప్పే తీరు అచ్చంగా అదే. ముందు మర్యాద, తర్వాత ఒక విరామం, ఆ విరామం చివర మెల్లగా దిగే చురక. వాక్యాన్ని సాగదీసి, చివరి మాటను కాస్త పైకెత్తి వదిలేవాడు. గొంతు పెంచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒంగోలులో చదువుకునే రోజుల్లో ఆయన ప్రజానాట్యమండలి నాటకాల్లో వేషాలు వేశారు. తర్వాత 'నేటి భారతం', 'ప్రతిఘటన' తీసిన టి.కృష్ణ ఎదిగిందీ ఆ వేదిక మీదే. ఒక వేదిక నుంచి అంత కోపం, ఇంత నవ్వు ఎలా వచ్చాయని ఆశ్చర్యపోనక్కర్లేదు. పొన్నెకల్లు నాజర్ బుర్రకథను చూసినవాళ్లకు ఆ రహస్యం తెలుసు. కథకుడు తంబుర మీటుతూ కథ నడుపుతుంటే, వంతల్లో ఒకరు రాజకీయం, ఇంకొకరు హాస్యం అందుకునేవారు. వీరగాథ మధ్యలో హాస్యగాడు ఊళ్లోని పెత్తందారు మీద ఒక మాట వదిలితే, పందిరి కింద జనం గుండె తేలికపడేది. ధర్మవరపు ఆ హాస్యపు వంతకు వారసుడని నా అభిప్రాయం. కథ నాయకుడిది. ఊపిరి తీసుకునే చోటు మాత్రం వంతది.

తర్వాత ప్రభుత్వోద్యోగం. ఇక్కడ కాస్త ఆగాలి. తెలుగు తెర మీద ఆఫీసు మనిషిని ఆయనంత నమ్మకంగా చూపినవాళ్లు తక్కువ. ఫైలు ముందు పెట్టుకుని ఎదుటివాడి అవసరాన్ని కొలిచే చూపు, లేని అధికారాన్ని ఉన్నట్టు, ఉన్న అధికారాన్ని లేనట్టు కనిపించేలా చేసే ఒడుపు, పై అధికారి వస్తే కుర్చీలోనే ఒక అంగుళం కుంచించుకుపోయే భుజాలు. వాటిని రోజూ దగ్గర నుంచి చూసినవాడి పని అది. ఆయన ఆ మనిషిని ద్వేషించలేదు. అందుకే ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ ఆయన్ను చూసి హాయిగా నవ్వారు.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చేదాకా తెలుగు ఇళ్లకు దాదాపు అదొక్కటే దిక్కు. డాబా మీద యాంటెనా తిప్పేవాడొకడు, "ఆఁ, వచ్చింది, వదిలెయ్" అని కింద నుంచి అరిచేవాడొకడు. ఆ కాలంలో 'ఆనందోబ్రహ్మ' ఒక హాస్య ధారావాహికగా వచ్చింది. పెద్ద సెట్లు లేవు, పాటలు లేవు. మధ్యతరగతి గది, ఇద్దరు ముగ్గురు మనుషులు, మాట. మాట నిలబడకపోతే ఇంకేదీ ఆదుకోని చోట ఆయన నిలబడ్డాడు. తర్వాత జంధ్యాల 'జయమ్ము నిశ్చయమ్మురా'తో సినిమా తలుపు తెరిచారు. మాటలో హాస్యం పండించే దర్శకుడి దగ్గరకే మొదట చేరడం సహజమే అనిపిస్తుంది. వందల సినిమాలు, 'తోకలేని పిట్ట'కి దర్శకత్వం, సాంస్కృతిక మండలి అధ్యక్ష పదవి, 'ఆలస్యం అమృతం'కి 2010 నంది బహుమతి. ఇవన్నీ అందరికీ తెలిసినవే.

ఈ నేలకు ప్రసారంతో పాత బంధమే ఉంది. తెనాలి పక్క మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివాకే వెండితెర మీద స్థిరపడ్డారు. 1967లో ఒంగోలు నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. జగ్గయ్య కంఠాన్ని సాహిత్యవేత్తలు గౌరవించారు, ఆయన చేసిన రవీంద్రుని అనువాదాలను చదివారు. ధర్మవరపు గొంతుకు ఆ గౌరవం దక్కలేదు. గంభీరమైన గొంతు సాహిత్యమూ, నవ్వించే గొంతు కాలక్షేపమూ అనే తేడా మన విమర్శలో బలంగా ఉంది. చిలకమర్తి, మొక్కపాటి, మునిమాణిక్యం ఉన్న భాషలో ఈ తేడా నిలవాల్సింది కాదు.

బి.బి.సి. రేడియోలో 1951 నుంచి 1960 దాకా నడిచిన 'గూన్ షో' రాతలు 1972లో పుస్తకంగా అచ్చయ్యాయి. గాలిలో కలిసిపోయే హాస్యాన్ని అక్కడ కాగితం మీద నిలబెట్టారు. మనమూ చేయవలసిన పని ఇదే. దూరదర్శన్ 'ఆనందోబ్రహ్మ' భాగాలన్నిటినీ వరసగా, ప్రసార తేదీలతో, నటుల పేర్లతో అందరికీ అందుబాటులో పెట్టాలి. రాతప్రతులను విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు సేకరించి, నాటక సాహిత్యంతో పాటు పాఠ్యంగా చేర్చాలి. ఒంగోలులో ఆయనతో కలిసి వేషాలు వేసినవాళ్లు, రిహార్సల్స్ చూసినవాళ్లు ఇంకా ఉండగానే వాళ్ల మాటలు రికార్డు చేయాలి. వాళ్ల వయసు మన తీరిక కోసం ఆగదు.

ఒంగోలు, అద్దంకి, చిలకలూరిపేట, నరసరావుపేట పాఠకులకు విన్నపం. మీ దగ్గర ఆనాటి నాటకాల కరపత్రాలు, ఫొటోలు, వీడియో క్యాసెట్లు, చేతిరాత స్క్రిప్టులు ఉంటే నకళ్లు పంపండి. అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి. వాటిని అచ్చువేయడానికి వచ్చే సంచిక నుంచి కొన్ని పుటలు కేటాయిస్తున్నాం. పంపినవారి పేర్లు కూడా వేస్తాం.