మన శరీరం: నడిపించే కాలు

ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి చేరువగా ఉన్న భోపాల్‌పట్నం ఒకప్పుడు బస్తర్ సంస్థానంలోని జమీందారీ. నేడు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందినది. గోండి, తెలుగు మాటలు కలగలిసి వినవచ్చే ఈ సీమలో వేసవి వచ్చిందంటే ఇప్ప పువ్వుకూ, తునికాకుకూ అడవి దారి పట్టక తప్పదు. మిరప కోతలకు కూలీలు పొరుగున ఉన్న తెలంగాణ చేలకు వెళతారు. 2020 ఏప్రిల్‌లో దేశమంతటా రాకపోకలు స్తంభించినప్పుడు వారిలో ఎందరో అడవుల గుండా కాలినడకనే ఇళ్లకు మరలారు. ఇటువంటి చోట కూడు పెట్టేది కాలే.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. రెండు పాదాలలోని ఎముకలను లెక్కిస్తే దేహంలోని 206 ఎముకలలో సుమారు నాలుగవ వంతు. అరికాలు కమాను వలె వంగి ఉంటుంది. అడుగు నేలను తాకగానే ఈ కమాను కొద్దిగా సాగి తాకిడిని భరిస్తుంది; అడుగు లేచే వేళ బిగుసుకొని మీట వలె పనిచేస్తుంది. చీలమండ కీలు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. దాని దిగువనున్న కీలు పాదాన్ని పక్కలకు వాలుస్తుంది. ఎగుడుదిగుడు బాటలో మనిషి తూలిపోకుండా నిలిచేది దీని చలువ వల్లనే.

పాదాన్ని ఆడించే పెద్ద కండరాలు మాత్రం మోకాలికీ చీలమండకూ నడుమ ఉన్నాయి. తెర వెనుక నుండి తోలుబొమ్మను ఆడించినట్లు, అవి పొడవైన స్నాయుబంధనాల ద్వారా పాదాన్ని నడిపిస్తాయి. పిక్క కండరాలు మడమను లేపి దేహాన్ని ముందుకు నెడతాయి. నడిచేటప్పుడు కాలిలోని రక్తాన్ని గుండె వైపు తోస్తాయి. ముందరి కండరాలు పాదాన్ని పైకెత్తుతాయి. ఈ ముందరి కండరాలకు ఆజ్ఞలు చేరవేసే నరం మోకాలికి దిగువన, వెలుపలి వైపు, బహిర్జంఘిక మెడను చుట్టుకొని చర్మానికి అతి సమీపంగా పోతుంది.

కుష్ఠు వ్యాధి దెబ్బతీసే నరాలలో ఇది ఒకటి. అది చచ్చుబడితే పాదం వేలాడుతుంది. వేళ్లు నేలకు రాసుకుంటాయి. అరికాలికి స్పర్శనిచ్చే నరం కూడా చెడితే ముల్లు దిగినా, నిప్పు అంటినా తెలియదు. నొప్పి లేనందున రోగి పుండు మీదనే నడుస్తాడు. వేళ్లు పోవటానికి కారణం మాంసం తనంతట కుళ్లటం కాదనీ, స్పర్శ లోపించి తగిలే గాయాలేననీ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ నిరూపించాడు.

వేలాడే పాదానికి శస్త్రచికిత్స ఉంది. పిక్క లోతులలో ఉన్న ఒక కండరానికి వేరొక నరం ఆధారం. అది సాధారణంగా చెడదు. శస్త్రవైద్యుడు దాని బంధనాన్ని పాదం లోపలి అంచు నుండి విడదీసి, ముందుకు తెచ్చి పాదం పైభాగాన కలుపుతాడు. ఇన్నాళ్లూ పాదాన్ని కిందికి వంచిన కండరం ఇక పైకెత్తటం నేర్చుకోవాలి. ఆ శిక్షణకు వారాల తరబడి అభ్యాసం అవసరం.

అంతదాకా రానీయకపోవటమే మేలు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద వ్యాధి నిర్మూలన స్థాయికి చేరినా, ఛత్తీస్‌గఢ్‌లో ఆ తరువాత కూడా కొత్త రోగులు కనిపిస్తూ వచ్చారు. స్పర్శ లేని మచ్చను అలక్ష్యం చేయరాదు. మడమల మీద పది అడుగులు నడవలేకపోతే వైద్యుని చూడాలి. స్పర్శ తగ్గినవారు, మధుమేహులు రాత్రి పడుకునే ముందు అరికాళ్లను దీపపు వెలుగులో పరీక్షించుకోవాలి. మెత్తని అట్ట ఉన్న చెప్పులు ధరించాలి. నొప్పి చెప్పని సంగతిని కన్ను చెప్పవలసి ఉంటుంది.