బీడీ చుట్టేది కోడలు.. పుస్తకంలో పేరు అత్తది

నిజామాబాద్: తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం.. అన్నీ ఇంటి వాకిట్లోనే. కార్ఖానాకు వెళ్లేది కట్టలు అప్పగించి ఆకు, తంబాకు తెచ్చుకోవడానికే. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల జిల్లాల్లో దశాబ్దాలుగా మహిళల చేతుల మీదుగానే సాగుతున్న పరిశ్రమ ఇది. నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన తరువాత వీరు ఉద్యోగులా, కాదా అన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

యజమాని ఇచ్చిన ముడిసరుకుతో ఇంట్లో బీడీలు చుట్టే వారిని సైతం 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఉద్యోగులుగానే గుర్తించింది. యజమానులు సవాలు చేయగా 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. వీరికి భవిష్యనిధి (పీఎఫ్) వర్తిస్తుందని 1985లో అదే న్యాయస్థానం తేల్చింది. ఇప్పుడు 1966 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో విలీనమైంది. సామాజిక భద్రత కోడ్ మాత్రం ఇంటి వద్ద పనిచేసే వారిని అసంఘటిత కార్మికుల నిర్వచనంలో చేర్చింది. ఉద్యోగికి యజమాని వాటాతో కూడిన పీఎఫ్ హక్కు. అసంఘటిత కార్మికులకు దక్కేది ప్రభుత్వం ప్రకటించే పథకం. రెండింటి మధ్య దూరం తక్కువేమీ కాదు.

చట్టం ఉన్న రోజుల్లోనైనా అందరికీ న్యాయం జరిగిందా అంటే, లేదు. పల్లెల్లో ఒక్క పీఎఫ్ పుస్తకం మీద ఇద్దరు, ముగ్గురు బీడీలు చుట్టడం మామూలే. కోడలు చుట్టిన వెయ్యి అత్త పేరున నమోదవుతుంది. ఇరవై ఏళ్లు చేసినా కోడలు ఏ లెక్కలోనూ కార్మికురాలు కాదు. టేకేదారుకు కావలసింది బీడీల లెక్కే గానీ చుట్టిన చేతుల లెక్క కాదు.

దీని దెబ్బ పింఛను దగ్గర తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా కింద నెలకు రూ.1,000 ఇచ్చి, 2019లో రూ.2,016కు పెంచింది. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలని షరతు పెట్టింది. ఆ తరువాత పేరు ఎక్కినవారు, అసలు ఎక్కనివారు బయటే మిగిలారు.

వైద్యం, ఇళ్లు, పిల్లల ఉపకార వేతనాలకు ఆధారమైన బీడీ సెస్సు 2017 జులైలో జీఎస్టీతో రద్దయింది. ఇక ఆ పథకాలకు బడ్జెట్ కేటాయింపులే దిక్కు. బీడీలపై జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని 2025 సెప్టెంబరులో నిర్ణయించారు. ఆ ఊరటలో చుట్టిన చేతికి వాటా ఇవ్వాలన్న నిబంధన లేదు. కోడ్‌ల అమలులో ముందుగా చేయవలసిన పని ఒక్కటే: ఎవరు చుడితే వారి పేరునే కార్ఖానా పుస్తకంలో రాయించడం.