ఇల్లు కూలాకే వస్తారా చూడటానికి?

వానాకాలం ముందు హైదరాబాద్ పాతబస్తీలో ఏటా ఒక తంతు నడుస్తుంది. బల్దియా సిబ్బంది గల్లీల్లో తిరుగుతారు, శిథిల భవనాల జాబితా రాసుకుంటారు, గోడకు నోటీసు అంటిస్తారు. ఖాళీ చేయండి, లేదా మరమ్మతు చేయించండి, లేదంటే కూల్చేయండి. నాలుగు వానలు పడితే ఆ కాగితం తడిసి ఊడిపోతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం అక్కడే ఉంటారు. పోవడానికి ఇంకో చోటు ఉంటే నోటీసు వచ్చేదాకా ఆగేవాళ్లా?

మన దగ్గర ఇల్లు ఎలా ఉందో చూడటానికి బయటి మనిషి వచ్చే సందర్భాలు చాలా తక్కువ. బల్దియా ఒకటి. హోంలోన్ తీసుకుంటే బ్యాంకు తరఫున వాల్యుయర్ వస్తాడు. అతను చూసేది ఇంటి ధర, ప్లాను, కాగితాలు. స్విచ్‌బోర్డు వెనక వైరు కాలిపోయి ఉందా లేదా అన్నది అతని పని కాదు. మూడోవాడు బీమా సర్వేయర్. అతను వచ్చేసరికి ఇల్లు కాలిపోయో మునిగిపోయో ఉంటుంది.

అమెరికాలో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. టాంపాలో ఇల్లు కొన్న మనోళ్లను ఎవరినైనా అడగండి. ఫ్లోరిడాలో పాత ఇంటికి బీమా కావాలంటే కంపెనీలు సాధారణంగా ముందే తనిఖీ రిపోర్టు అడుగుతాయి. పైకప్పు, కరెంటు, నీళ్ల పైపులు, ఏసీ ఈ నాలుగూ చూస్తారు కాబట్టి దాన్ని ‘ఫోర్ పాయింట్’ అంటారు. అక్కడా అంతా సవ్యంగా ఏం లేదు. తుపాన్ల నష్టాలు పెరిగాక, కప్పు పాతదైందన్న సాకుతో కంపెనీలు పాలసీలు నిరాకరించడం మొదలుపెట్టాయి. దాంతో 2022లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. కప్పుకు 15 ఏళ్లు నిండకపోతే వయసు ఒక్కటే చూపి కాదనకూడదు. 15 దాటితే ఇంటివాడికి తనిఖీ చేయించుకునే అవకాశం ఇవ్వాలి. ఇంకో 5 ఏళ్లు పనికొస్తుందని తేలితే అప్పుడూ వయసు పేరుతో కాదనకూడదు. అంటే ఇంటివాడికి భారంగా ఉన్న తనిఖీయే అతని చేతిలో సాక్ష్యమైంది.

మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ పేరుతో అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే తీరు ఇంటి పాలసీ అమ్మాలన్న నియమం వచ్చింది. పాలసీ మంచిదే. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం, అల్లర్లు అన్నీ ఉన్నాయి. ఇంటికి కట్టిన బీమాలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామానుకు కూడా వర్తిస్తుంది. లెక్క వేసేది కట్టుబడి ఖర్చు మీద, భూమి ధర మీద కాదు. అద్దెకుండేవాళ్లు సామాను వరకు తీసుకోవచ్చు. మామూలు ఇంటికైతే తీసుకునేటప్పుడు సాధారణంగా ఎవరూ వచ్చి చూడరు. ఫారంలో మనం రాసిందే వేదం.

అసలు చిక్కు ఇక్కడే. ఇల్లు ఎప్పటిది, ఎలాంటి కట్టడం, కింద దుకాణం ఉందా అని ఫారం అడుగుతుంది. ఏజెంటు చకచకా నింపేస్తాడు, మనం సంతకం పెడతాం. పాలసీ నివాసానికి. కింద షట్టర్ తీసి వ్యాపారం నడుస్తుంటే అది చెప్పాల్సిందే. చెప్పకపోతే పట్టుబడేది క్లెయిమ్ రోజున. మన పాత ఇళ్లలో కింద షాపు, పైన కాపురం లేనివి ఎన్ని?

2025 మే 18 పొద్దున గుల్జార్ హౌజ్‌లో జరిగింది ఎవరూ మర్చిపోలేదు. కింద దుకాణాలు, పైన కుటుంబం, రావడానికీ పోవడానికీ ఒకటే ఇరుకు దారి. పిల్లలతో కలిపి 17 మంది ప్రాణాలు పోయాయి. షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా చెప్పారు. ఏ బీమా వాళ్లను వెనక్కి తేలేదు. పాతకాలపు వైరింగ్ మీద ఇవాళ్టి ఏసీల లోడు మోపుతున్న ఇళ్లు ఆ చుట్టుపక్కలే ఇంకా బోలెడు. లీకేజీ ఉంటే కరెంటు కట్ చేసే చిన్న స్విచ్, సరైన ఎర్తింగ్, మంచి వైర్‌మన్. వీటికయ్యే ఖర్చు ఒక పెళ్లిలో లైటింగ్‌కు పెట్టేదానికంటే తక్కువే.

2020 అక్టోబరు వరదల్లోనూ అదే కథ. బండ్లగూడలో ప్రహరీ గోడ పక్కిళ్ల మీద పడి ప్రాణాలు తీసింది. సర్కారు తక్షణ సాయం కింద కుటుంబానికి 10,000 అంది. బురదలో పోయిన ఫ్రిజ్, మంచాలు, బట్టలకే అది చాలదు, గోడల మాట దేవుడెరుగు.

మరి బల్దియా తనిఖీనే గట్టిగా చేస్తే సరిపోదా అంటారు కొందరు. పాతబస్తీలో అద్దెకున్నవాళ్లతో ఈ మాట అని చూడండి. పగిడీ ఇచ్చి ముప్ఫై నలభై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు ‘శిథిలం’ అనే ముద్ర అంటే ఖాళీ చేయించే ఎత్తు. కొన్నిచోట్ల ఆ అనుమానంలో నిజమూ ఉంది. ఇంకోవైపు తాత పేరునే ఉండిపోయిన ఇళ్లు, పది మంది వారసులు. ఛజ్జా బాగు చేయించు అంటే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచి వేళ్లు దిగుతున్నా పీకేవాడు ఉండడు.

అందుకని నోటీసుతో పాటు ఇంజినీరు రిపోర్టు కూడా చేతికివ్వాలి. ఏ గోడ, ఏ దూలం, బాగు చేయిస్తే నిలుస్తుందా లేదా, సుమారు ఎంత అవుతుంది అనేది అందులో తెలుగులో, ఉర్దూలో ఉండాలి. అప్పుడు అద్దెదారు అనుమానానికీ ఓనరు ఎత్తుకూ చోటు తగ్గుతుంది. బీమా కంపెనీలు కూడా అలాంటి రిపోర్టు తెచ్చినవాళ్లకు ప్రీమియంలో కొంత తగ్గిస్తే వాళ్లకు పోయేదేం లేదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మే నెలలోనే కప్పు, గోడలు, మీటర్ బోర్డు తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి. మరమ్మతు బిల్లులు పారేయకండి. హోంలోన్‌తో బ్యాంకువాళ్లు అంటగట్టిన పాలసీ ఉంటే కాపీ అడిగి చదవండి. చాలామందికి అది ఇంటికా, అప్పుకా, తమ ప్రాణానికా అన్నదే తెలియదు. ఆ కాపీ ఇంకోటి చెల్లెలింట్లోనో ఫోన్‌లోనో ఉంచండి, ఇల్లు కాలితే బీరువాలోని కాగితం కూడా దానితోపాటే పోతుంది.