ఆ మాట ఏమైంది?

సంపాదకులకు,

ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలు ముగిసిన కథ అన్న గత వారం లేఖకు ఇది జవాబు. అక్కడ ఖైదీలను హింసించినందుకు 11 మంది అమెరికా సైనికులకు శిక్షలు పడ్డ మాట నిజమే. కానీ 2004 మే 7న అప్పటి అమెరికా రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, బాధితులకు తగిన పరిహారం ఇచ్చే దారి చూస్తున్నానన్నారే, దాని సంగతేమిటి? 2024 నవంబరులో వర్జీనియాలో ఒక జ్యూరీ ఆ బాధితుల్లో ముగ్గురికి 4.2 కోట్ల డాలర్లు ఇమ్మంది. ఒకరు పళ్లమ్ముకునేవాడు, ఒకరు బడి హెడ్‌మాస్టరు, ఇంకొకరు విలేకరి. అయితే ఆ తీర్పు ఆ జైల్లో పనిచేసిన ఒక కాంట్రాక్టు కంపెనీ మీద. అమెరికా సర్కారు మీద దావా వేద్దామంటే, దానికున్న సార్వభౌమ రక్షణ అడ్డు. మాటిచ్చిన రోజు ఆ అడ్డు గుర్తుకు రాలేదు కాబోలు! మిగతావాళ్లు అర్జీ పట్టుకుని ఏ కిటికీ ముందు నిలబడాలో ఆ లేఖ రాసినవారు చెప్పగలరా?

– ఒక పాఠకుడు, గుంటూరు